క్రైస్తవ విశ్వాసానికి కేంద్రం ఏది? పదిహేడు వందల ఏళ్ళ ప్రశ్నకు నేటి జవాబులు

2025లో మూడు వేర్వేరు చోట్ల ఒకే ప్రశ్న తలెత్తింది. ఫిబ్రవరిలో పోప్ ఫ్రాన్సిస్ అమెరికా బిషప్పులకు ఒక లేఖ రాశారు. ముందు కుటుంబం, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత సొంత దేశస్తులు, చివరికే మిగతా ప్రపంచం అనే వరుసలో ప్రేమించమని క్రైస్తవం చెబుతుందని ఆ దేశ ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ అంతకుముందు వాదించారు. ఆయన కేథలిక్ శ్రీసభలో చేరింది 2019లో. వాన్స్ పేరెత్తకుండానే ఫ్రాన్సిస్ ఆ వరుసను తోసిపుచ్చారు, మంచి సమరయుడి ఉపమానాన్ని గుర్తు చేశారు.

ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. క్రైస్తవానికి కులవ్యవస్థ పరాయిది అన్నది ఆ తీర్పుకు పునాది.

నవంబరులో పోప్ లియో 14, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తలోమయి టర్కీలోని ఇజ్నిక్ పట్టణంలో, సరస్సు ఒడ్డున బయటపడిన పాత బసిలికా శిథిలాల దగ్గర కలిసి ప్రార్థించారు. ఆ ఊరి పూర్వనామం నైసీయ. సరిగ్గా 1700 ఏళ్ళ కిందట, క్రీ.శ. 325లో, క్రైస్తవులు ఏమి నమ్మాలో తేల్చడానికి బిషప్పులు సమావేశమైంది అక్కడే.

వలసలపై వాదన, కులంపై తీర్పు, పురాతన విశ్వాస ప్రమాణం. మూడింటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే: క్రైస్తవుణ్ణి క్రైస్తవుడిగా చేసేది ఏది? నమ్మే సిద్ధాంతమా, పాటించే నీతా, కలిగిన అనుభవమా, చెందిన సంఘమా?

ప్రమాణం చెప్పేది, చెప్పనిది

అన్నిటికంటే పాత జవాబు నైసీయదే. అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ అనే గురువు, కుమారుడైన క్రీస్తు ఎంత గొప్పవాడైనా దేవుడు సృష్టించినవాడే, ఆయన లేని కాలం ఒకటి ఉండేదని బోధించాడు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పిలిపించిన సభ దాన్ని తిరస్కరించింది. కుమారుడు తండ్రితో ఒకే సారం కలవాడని నిర్ణయించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ ఆ ప్రమాణాన్ని విస్తరించింది. కేథలిక్కులు, ఆర్థడాక్సులు, ఆంగ్లికన్లు, లూథరన్లు ఆరాధనలో నేటికీ చెప్పుకునే పాఠం దాదాపు అదే.

ఈ జవాబు బలం దాని స్పష్టత. యేసు ఒక మంచి గురువు మాత్రమే అయితే ఆయన మాటలు నచ్చినవాళ్ళు తీసుకుంటారు, లేనివాళ్ళు వదిలేస్తారు. దేవుడే మనిషై వచ్చాడంటే ఆ మాటల బరువు వేరు.

బలహీనత కూడా అక్కడే ఉందని చాలామంది గమనించారు. ఆ ప్రమాణంలో యేసు కన్యకు జన్మించడం ఉంది, వెంటనే పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడటం ఉంది. మధ్యలోని జీవితం లేదు. కొండమీది ప్రసంగం లేదు, పేదల ప్రస్తావన లేదు, శత్రువులను ప్రేమించమన్న ఆజ్ఞ లేదు. ఆ ప్రమాణాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పే మనిషి పొరుగువాడితో ఎలాగైనా బతకవచ్చు, ప్రమాణం అభ్యంతరం చెప్పదు.

బోధలా, సిలువా?

ఈ లోటును ఎత్తిచూపిన తొలి పెద్ద వాదనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1820లో రాజా రామమోహన్ రాయ్ యేసు బోధలను సువార్తల నుంచి ఏరి ‘ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్’ పేరుతో అచ్చువేశారు. అద్భుతాలను, దైవత్వాన్ని చెప్పే భాగాలను పక్కనపెట్టారు. శాంతికి, సుఖానికి దారి ఈ నీతిబోధలేనని ఆయన నమ్మకం. శ్రీరామపురం బాప్టిస్టు మిషనరీ జాషువా మార్ష్‌మన్ దీన్ని తీవ్రంగా ఖండించారు. మనిషి పాపానికి సిలువ మీద జరిగిన ప్రాయశ్చిత్తాన్ని తీసేస్తే మిగిలేది క్రైస్తవమే కాదన్నారు. రాయ్ క్రైస్తవ ప్రజలకు విజ్ఞప్తుల పేరుతో మూడుసార్లు జవాబిచ్చారు. తర్వాతి శతాబ్దంలో గాంధీ కొండమీది ప్రసంగాన్ని గుండెకు హత్తుకుంటూనే క్రైస్తవుడు కాకుండా ఉండిపోవడానికి వెనక ఉన్నదీ దాదాపు ఈ దారే.

యూరప్‌లో ఇదే వాదన 1900లో పండితుల మధ్యకు వచ్చింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అడాల్ఫ్ హార్నాక్ క్రైస్తవ సారం గురించి ఇచ్చిన ఉపన్యాసాలు ఆ ఏడాది పుస్తకంగా వచ్చాయి. దేవుని రాజ్యం, తండ్రిగా దేవుడు, ప్రతి మానవ ఆత్మకూ ఉన్న అమూల్యమైన విలువ, ప్రేమ ఆజ్ఞ. యేసు చెప్పింది ఇదేనని, మిగతాదంతా చరిత్ర చుట్టిన తొడుగని ఆయన వాదం. ఫ్రెంచి కేథలిక్ పండితుడు ఆల్ఫ్రెడ్ లోయిజీ 1902లో ఎదురుచెప్పారు. విత్తనమే అసలు చెట్టని, కొమ్మలు, ఆకులు అనవసరమని అనలేం కదా అన్నది ఆయన తర్కం. సంఘంగా ఎదిగిన మొత్తమే క్రైస్తవం. శ్రీసభను సమర్థిస్తూ రాసిన ఆ పుస్తకాన్నే రోమ్ నిషేధించింది, 1908లో ఆయన్ను వెలివేసింది.

హార్నాక్ జవాబుకు మరో గట్టి దెబ్బ 1914లో తగిలింది. జర్మనీ యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు విడుదల చేసిన ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. ఆయన శిష్యుడైన కార్ల్ బార్త్‌కు గురువుల పేర్లు అందులో చూసి నమ్మకం కూలింది. మనిషి మంచితనం మీద, సంస్కృతి మీద ఆధారపడిన క్రైస్తవం ప్రభుత్వం పిలిస్తే పరుగెత్తుకు వెళ్తుందని బార్త్‌కు అర్థమైంది. విశ్వాసానికి కేంద్రం మనిషి ఆలోచనలో దొరకదని, దేవుడు పలికిన మాటలోనే ఉందని ఆయన పట్టుబట్టారు.

బాప్తిస్మం లేని విశ్వాసం

బార్త్ బాటలో నడిచిన డచ్చి పండితుడు హెండ్రిక్ క్రెమర్ 1938లో మద్రాసు పక్కనున్న తాంబరానికి తన వాదనతో వచ్చారు. అక్కడ అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. క్రీస్తులో దేవుడు వెల్లడైన తీరుకూ ఇతర మతాలకూ మధ్య వంతెన లేదని ఆయన పుస్తకం సారాంశం.

దానికి గట్టిగా ఎదురు నిలిచినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య మద్రాసులో న్యాయవాది, తర్వాత పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. మిత్రులతో కలిసి ఆయన అదే ఏడాది ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ అనే సంపుటిని తెచ్చారు. యేసు ఒక కొత్త సృష్టి, మానవ పరిణామంలో కొత్త మెట్టు అన్నది చెంచయ్య ఆలోచన. విశ్వాసమంటే ఆ కొత్త జీవంలో పాలుపంచుకోవడం. పాశ్చాత్య సంఘ వ్యవస్థ, దాని సిద్ధాంతాలు భారతీయుడికి తప్పనిసరి కావన్నారు. హిందూ వారసత్వాన్ని తుడిచేసుకుంటేనే క్రీస్తు దగ్గరికి రాగలం అనే మాటను ఒప్పుకోలేదు.

చెంచయ్య కాగితం మీద పెట్టినదాన్ని మరో తెలుగువాడు ఆచరణలోకి తెచ్చారు. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పారు. ఆ తర్వాత రోగుల కోసం ప్రార్థించడం మొదలుపెట్టారు, జనం తరలివచ్చారు. 1981లో మరణించేదాకా ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, ఏ సంఘంలోనూ చేరలేదు. పైగా బాప్తిస్మాన్ని, పాస్టర్ల పెత్తనాన్ని ఘాటుగా విమర్శించారు. క్రీస్తును గురువుగా, దేవుడిగా కొలుస్తూ హిందువుగానే మిగిలిన సుబ్బారావు క్రైస్తవుడా? నీటిలో మునగడం, సంఘంలో ఉండటం ముఖ్యమనుకునేవాళ్ళకు కాదు. క్రీస్తుతో ముఖాముఖి సంబంధమే ముఖ్యమనుకునేవాళ్ళకు కాదనడం కష్టం.

అనుభవమే ఆధారం

ఇవాళ తెలుగునాట ఎక్కువగా వినిపించేది ఈ రెండో మాటే, కాకపోతే వేరే రూపంలో. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి కెనడాలో ఇంజనీరింగ్ చదువుతూ క్రీస్తును నమ్మిన భక్త సింగ్, మద్రాసులోనూ తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగానూ నడిపిన సహవాసాలకు మిషనరీ సంస్థల అండ లేదు. బిషప్పులు లేరు, విశ్వాస ప్రమాణం చదవడం లేదు. మారుమనస్సు పొందావా, తిరిగి జన్మించావా అన్నదే అడిగే ప్రశ్న. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో ప్రారంభించిన బైబిల్ మిషన్ స్వస్థతలకు, దర్శనాలకు, దేవుని సన్నిధిలో కనిపెట్టడానికి చోటిచ్చింది. గుంటూరు కాకాని తోటకు ఇప్పటికీ జనం వెళ్ళేది ఆ నమ్మకంతోనే. పెంతెకొస్తు సంఘాలు ఇంకో అడుగు ముందుకేసి పరిశుద్ధాత్మ అభిషేకం, అన్యభాషలు విశ్వాసానికి గుర్తులంటాయి.

ఈ జవాబు పేదలకు దగ్గరయింది. వైద్యం అందని చోట స్వస్థత ప్రార్థన ఉంది. చదువు లేని ఆడమనిషి కూడా సాక్ష్యం చెప్పవచ్చు, ఆ మాటకు సంఘం చెవి ఒగ్గుతుంది. అయితే అనుభవానికి కొలబద్ద ఏమిటన్న ప్రశ్న లోపలి నుంచే వస్తోంది. దీవెన అంటే ఉద్యోగం, వీసా, ఇల్లు అని చెప్పే బోధ టీవీలోనూ యూట్యూబులోనూ పెరిగినకొద్దీ, జబ్బు నయం కానివాడికి విశ్వాసం లేదనే నింద మిగులుతోంది. సిలువ మీద చనిపోయినవాణ్ణి కొలిచే మతంలో ఓటమికి, బాధకు చోటు లేకుండా పోతే ఎలా అని అడుగుతున్నవారిలో పెంతెకొస్తు బోధకులూ ఉన్నారు.

ఆకలి, కులం, మారుమనస్సు

నిజమైన విశ్వాసం ఏది అన్న ప్రశ్న తెలుగు నేల మీద సూటిగా పరీక్షకు నిలిచిన సందర్భం ఒంగోలుది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. యెర్రగుంట్ల పేరయ్య వంటి తొలి విశ్వాసులు పల్లె పల్లెకూ తిరిగి వేసిన బాట అది.

‘బియ్యం క్రైస్తవులు’ అనే ఎత్తిపొడుపు అయినా ఆగలేదు. ఆ నింద వెనక విశ్వాసం గురించి ఒక ఊహ ఉంది: నమ్మకం ఒంటరి మనిషి మనసులో, ఏ లాభాపేక్షా లేకుండా పుట్టాలి. ఊరంతా కలిసి మారితే, గౌరవం కోసం మారితే అది నిజం కాదు. 1980ల్లో దళిత క్రైస్తవ చింతన ఈ ఊహనే తిరగేసింది. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో బోధించిన అరవింద్ నిర్మల్ వంటివారు, ఐగుప్తు దాసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథను గుర్తు చేశారు. అక్కడ విడుదల, ఆకలి, ఆరాధన విడివిడిగా లేవు. ఊరి బయట సిలువ వేయబడిన యేసు స్వయంగా దళితుడని నిర్మల్ వాదించారు. మనిషిగా గౌరవం కోరుకోవడం విశ్వాసానికి మచ్చ కాదని, అదే దాని కేంద్రమని ఈ ఆలోచన చెబుతుంది.

ఈ వాదన సంఘాన్నీ వదల్లేదు. వేరు శ్మశానాలు, వేరు వరుసలు, కులం చూసి జరిగే పెళ్ళిళ్ళు క్రైస్తవంలోనూ ఉన్నాయి. 2016 డిసెంబరులో భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ, శ్రీసభలో వివక్ష ఉందని ఒప్పుకుంది. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ హోదాకు చేరిన మొదటి వ్యక్తి ఆయనే. భారతదేశంలో క్రైస్తవానికి ఉన్న చరిత్రతో పోల్చితే ఆ ‘మొదటి’ ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలుస్తుంది.

చట్టం చూసే చూపు

మతపండితులు తేల్చలేని ప్రశ్నను మన దేశంలో కోర్టులు తేల్చాల్సి వస్తోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే తీవ్రతతో వెనుకబాటు కొనసాగుతోందని నిరూపించాలంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన పరిమితిని తీసేయాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కేంద్రం మరో కమిషన్ వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవారిని బీసీ–సీ కింద, ఒక్క శాతం కోటాలో ఉంచారు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో, జ్ఞానస్నానం రికార్డును, క్రమం తప్పక చర్చికి వెళ్ళడాన్ని బట్టి ఆమెను క్రైస్తవురాలిగా నిర్ధారించి, ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించింది. ఇక్కడ ఒక చిక్కుంది. పసిబిడ్డకు ఇచ్చిన జ్ఞానస్నానాన్ని బాప్టిస్టులు, పెంతెకొస్తువారు విశ్వాసంగా లెక్కించరు. చట్టం మాత్రం బయటికి కనిపించే గుర్తునే పట్టుకోగలదు, మనసును చూడలేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. క్రైస్తవంలో కులం లేదు కనుక మారినవాడికి కులం పోయినట్టే అంటున్నప్పుడు, చట్టం సిద్ధాంతాన్ని మతానికి కేంద్రంగా తీసుకుంటోంది. పల్లెలో పాస్టరును కులం పేరుతో తిట్టేవాడు ఆ సిద్ధాంతాన్ని చదవలేదు. క్రైస్తవ సంఘాలకూ ఇది ఇరకాటమే. మాలో కులం లేదని వేదిక మీద చెబితే రిజర్వేషన్ వాదన బలహీనపడుతుంది, ఉందని చెబితే సువార్త ఓడిపోయినట్టు ఒప్పుకోవాలి. కాగితం మీద హిందువుగా, ఆదివారం క్రైస్తవుడిగా బతికే కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సుబ్బారావు ఆలోచించి ఎంచుకున్న స్థితిని, వాళ్ళ మీద బతుకుతెరువు మోపింది.

సువార్త ప్రకటన విషయంలోనూ ఇదే. చాలామంది క్రైస్తవులకు అది విశ్వాసంలో విడదీయరాని భాగం. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, 25వ అధికరణం ఇచ్చిన ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. తమ మతాన్ని వివరించవచ్చు, మార్చడం హక్కు కాదు. మతమార్పిడి నిరోధక చట్టాలు చేస్తున్న రాష్ట్రాలు ఆధారం చేసుకునేది ఈ తీర్పునే.

కొత్త గీతలు

ప్రపంచవ్యాప్తంగా నేటి చీలికలు అరియస్ కాలపు గీత మీద రావడం లేదు. 2023 డిసెంబరులో స్వలింగ జంటలకు గురువులు ఆశీర్వాదం ఇవ్వవచ్చని వాటికన్ అనుమతించగానే, ఆఫ్రికా బిషప్పుల్లో అత్యధికులు తమ దగ్గర కుదరదన్నారు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టు సంఘం నుంచి ఇదే వివాదంలో ఏడున్నర వేలకు పైగా స్థానిక సంఘాలు విడిపోయాయి. వీళ్ళందరి విశ్వాస ప్రమాణం ఒకటే. ఒక పక్షానికి లేఖనానికి లోబడటం కేంద్రం, మరో పక్షానికి ఎవరినీ గెంటేయని కృప కేంద్రం. కేరళలో సిరో మలబార్ శ్రీసభ అయితే దివ్యబలిపూజలో గురువు ఎటు తిరిగి నిలబడాలన్న విషయం మీద ఏళ్ళ తరబడి రగిలింది. 2022 డిసెంబరులో ఎర్నాకుళం బసిలికాలో, క్రిస్మస్‌కు ముందు, బలిపీఠం దగ్గరే గొడవ జరిగింది. బయటివాళ్ళకు అది చిన్న విషయం, ఆరాధనే విశ్వాసానికి ప్రాణమనుకునేవారికి కాదు.

సామాన్య విశ్వాసి మాత్రం ఈ గీతలకు అందడు. 2021లో వెలువడిన ప్యూ పరిశోధన సంస్థ సర్వే ప్రకారం భారతీయ క్రైస్తవుల్లో 54 శాతం కర్మను నమ్ముతారు, 32 శాతం గంగకు పవిత్రం చేసే శక్తి ఉందంటారు. దీన్ని కలగాపులగం అని కొట్టిపారేయవచ్చు. చెంచయ్య ఉంటే, క్రీస్తు ఈ నేలలో వేళ్ళూనుతున్న తీరు ఇదేనని అనేవారేమో.

ఇన్ని జవాబులను కలిపి ఉంచే ప్రయత్నాలు జరగకపోలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. బైబిలు, ప్రాచీన విశ్వాస ప్రమాణాలు, రెండు సంస్కారాలు, బిషప్పుల పరంపర అనే నాలుగింటి మీద ఒప్పుకున్నారు. ఆ ఐక్యత కోసం చాలాకాలం పాటుపడినవారిలో దోర్నకల్ బిషప్పు అజరయ్య ఒకరు. అది చూడకుండానే ఆయన 1945లో కన్నుమూశారు. కలవనివారూ ఉన్నారు. ఆంధ్రలో లూథరన్లు, బాప్టిస్టులు తమ దారిలో తామున్నారు.

ఈ జవాబులన్నీ ఒకే మనిషి చుట్టూ తిరుగుతాయి: ఆయన ఎవరు, ఏమి చెప్పాడు, ఏమి చేశాడు, ఇప్పుడు ఎక్కడ కలుస్తాడు. ప్రమాణం మొదటిదాన్ని, రాయ్, హార్నాక్ రెండోదాన్ని, మార్ష్‌మన్ మూడోదాన్ని, భక్త సింగ్, సుబ్బారావు నాలుగోదాన్ని పట్టుకున్నారు. దళిత చింతన ఆ నాలుగో ప్రశ్నకు ఊరి బయట అని జవాబు చెప్పింది. ఒకదాన్ని పట్టుకుని మిగతావి వదిలేసినప్పుడల్లా ఏదో ఒకటి దెబ్బతింది. నీతి మాత్రమే చాలన్నవారు యుద్ధ ప్రకటన మీద సంతకం పెట్టారు, ప్రమాణం చాలన్నవారు శ్మశానంలో గోడ కట్టారు, అనుభవం చాలన్నవారు రోగిని నిందించారు. ఈ తప్పుల లెక్క పండితులకు చర్చనీయాంశం. ఎస్సీ ధ్రువపత్రాన్ని ఒక చేత, బైబిలును ఒక చేత పట్టుకుని నిలబడిన కుటుంబానికి మాత్రం ఆ జవాబు మీదే పిల్లల సీటు, ఉద్యోగం, పోలీసు స్టేషనులో కేసు ఆధారపడి ఉన్నాయి.